హాల్లోని హోమ్ థియేటర్ శబ్దం పక్క పడకగదిలోకి వెళ్లకుండా ఏం చేయవచ్చు?

ప్రశ్న (కూకట్‌పల్లి, హైదరాబాద్)

మాది అపార్ట్‌మెంట్‌లో సొంత ఫ్లాటు. హాల్లో 5.1 హోమ్ థియేటర్ (అయిదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) ఉంది. టీవీని, ముందు స్పీకర్లను బ్రాకెట్లతో బిగించిన గోడకు అవతలే మా అమ్మాయి పడకగది ఉంది. ఆ గది తలుపు కూడా అదే గోడలో ఉండి, హాల్లోకే వస్తుంది. అది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగ్ ఉంది. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. రాత్రి భోజనాల తర్వాత మేము సినిమా పెట్టుకుంటే, ఆ గదిలో మాటలు లీలగా వినిపిస్తాయి, సబ్‌వూఫర్ దడదడలు మాత్రం చదువు సాగనివ్వనంతగా వినిపిస్తాయి. సబ్‌వూఫర్‌ను హాలు మూలలో నేల మీద పెట్టాము. ఇంటీరియర్ పనులు చేసే ఒకాయన వచ్చి చూసి, గోడ మొత్తానికి రెండు అంగుళాల ఫోమ్ ప్యానెళ్లు అతికిస్తే సరిపోతుందని అంటున్నారు. అందుకు ఆయన చెప్పిన ఖర్చు తక్కువేమీ కాదు. దీనివల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా?

మొదటి జవాబు

ముందుగా ఫోమ్ సంగతి తేల్చేద్దాం. ఫోమ్ చేసే పని, అది ఉన్న గదిలోని ప్రతిధ్వనిని తగ్గించడం. మీ హాల్లో చప్పట్లు కొడితే గణగణమంటుంటే అది తగ్గి మాటలు స్పష్టంగా వినిపిస్తాయి తప్ప, శబ్దం గోడ దాటకుండా ఆపడం దానివల్ల కాదు. శబ్దాన్ని ఆపాలంటే బరువు కావాలి, సందులు లేకుండా ఉండాలి, ఫోమ్‌కు ఈ రెండు గుణాలూ లేవు. పైగా మిమ్మల్ని బాధపెడుతున్నది సబ్‌వూఫర్. అది ఇచ్చే 40 హెర్ట్జ్ (సెకనుకు 40 ప్రకంపనలు) ధ్వని తరంగం పొడవు దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు. రెండు అంగుళాల ఫోమ్ దాని దారికి అడ్డమే కాదు.

ఇక గోడ. ప్లాస్టరింగ్‌తో కలిపి నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు 250 కిలోల పైచిలుకు బరువుంటుంది, మాటల స్థాయి శబ్దాన్ని సుమారు 45 డెసిబెళ్ల వరకు తగ్గించగలదు. కాబట్టి మీ గోడ మరీ బలహీనమైనదేమీ కాదు. అందులో ఉన్న తలుపే బలహీనమైనది. కింద సందు ఉన్న మామూలు ఫ్లష్ డోరు 20 డెసిబెళ్లు తగ్గిస్తే గొప్ప. గోడ, తలుపు కలిపి 12 చదరపు మీటర్లనీ, అందులో తలుపు 2 చదరపు మీటర్లనీ అనుకుని లెక్క వేస్తే, రెండూ కలిసి తగ్గించేది 28 డెసిబెళ్లు మాత్రమే. ఇప్పుడు బోలెడు ఖర్చు పెట్టి గోడను 60 డెసిబెళ్ల స్థాయికి తెచ్చినా ఆ మొత్తం 28 దగ్గరే ఉంటుంది. అడుగున చిల్లున్న బిందెకు అంచు ఎత్తు పెంచినట్టే. అదే గోడ జోలికి పోకుండా తలుపును 30 డెసిబెళ్లకు తెస్తే మొత్తం 37కు పెరుగుతుంది.

పాత ఇళ్లలో పడకగదులకు కూడా గడప ఉండేది, తలుపు దానికి ఆనుకుని మూసుకునేది. ఇప్పటి ఫ్లాట్లలో సింహద్వారానికి తప్ప గడప పెట్టడం లేదు, మాప్ ఆడడానికని కింద అర అంగుళం దాకా వదిలేస్తున్నారు. రాత్రి హాల్లో లైటు వేసి, పడకగదిలో చీకటి చేసి లోపలి నుంచి తలుపు వైపు చూడండి. వెలుగు ఎక్కడెక్కడ కనిపిస్తే మాటలు అక్కడి నుంచే వస్తున్నాయని గ్రహించవచ్చు. అలాగే స్విచ్ బోర్డులు గోడకు రెండు వైపులా ఒకేచోట ఉన్నాయేమో చూడండి. నాలుగున్నర అంగుళాల గోడను ఇటూ అటూ చెక్కి మెటల్ బాక్సులు దించితే మధ్యలో ఇటుక పలకలా మాత్రమే మిగులుతుంది, కొన్నిచోట్ల అది కూడా మిగలదు. కరెంటు పని తెలిసినవారితో మెయిన్ ఆపించి ఆ బాక్సుల చుట్టూ ఉన్న ఖాళీలను పూడ్పించండి.

రెండవ జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. అయితే వడ్రంగిని పిలిచే ముందు డబ్బు ఖర్చు లేకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సబ్‌వూఫర్‌ను మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి దాని మోతను పెంచుతాయి. దాన్ని మూల నుంచి తీసి, మీరు కూర్చునే సోఫాకు దగ్గరగా జరపండి. దగ్గరగా ఉంటుంది కనుక వాల్యూమ్ బాగా తగ్గించినా మీకు చాలినంత వినిపిస్తుంది. గోడకు బిగించిన స్పీకర్లను స్టాండ్ల మీదికి మార్చండి. బ్రాకెట్ ద్వారా స్పీకర్ ప్రకంపన నేరుగా గోడకు చేరుతుంటే గోడ అవతలి ముఖం కూడా కొంత స్పీకర్‌లా పనిచేస్తుంది.

రిసీవర్ (స్పీకర్లను నడిపే పెట్టె) సెట్టింగులలో నైట్ మోడ్ అనో డైనమిక్ రేంజ్ కంప్రెషన్ అనో ఉంటుంది. అది పేలుళ్లను అణచి గుసగుసలను పెంచుతుంది. సినిమా చూసేవాళ్లు రిమోట్ పట్టుకుని మాటలకు పెంచుతూ ఫైట్లకు తగ్గిస్తూ కూర్చోవడమే రాత్రిపూట అసలు సమస్య కాబట్టి, ఈ ఒక్క మార్పుతో చాలా ఇళ్లలో సగం గొడవ తీరుతుంది. దానితోపాటు సెంటర్ స్పీకర్‌ను రెండు మూడు డెసిబెళ్లు పెంచి, సబ్‌వూఫర్‌ను అయిదారు డెసిబెళ్లు తగ్గించండి. సినిమా ధ్వనిలో ప్రత్యేకంగా బేస్ కోసం ఉండే ఎల్‌ఎఫ్‌ఈ ఛానెల్‌ను మిగతా ఛానెళ్ల కంటే 10 డెసిబెళ్లు ఎక్కువగా వినిపించేలా రూపొందించారు. కనుక అక్కడ తగ్గించడానికి అవకాశం బాగా ఉంది. బేస్ తగ్గితే సినిమా ఏం సినిమా అనేవారు ఉంటారు, వారు పగలు చూసుకోవచ్చు.

మూడవ జవాబు (జిప్సమ్ బోర్డు పనులు చేయించే సివిల్ ఇంజనీరు)

తలుపు, సబ్‌వూఫర్ సర్దుకున్నాక కూడా గోడ పని చేయించాలనిపిస్తే, ఒక్క జాగ్రత్త చెప్పడానికి రాస్తున్నాను. గోడకు చెక్క పట్టీలు కొట్టి, వాటి మీద ఒకే ఒక జిప్సమ్ బోర్డు బిగించే పద్ధతి మన దగ్గర ఎక్కువ. బోర్డు బరువు, వెనకనున్న అంగుళం గాలి పొర కలిసి స్ప్రింగులా ఊగుతాయి, ఆ ఊగే స్థాయి దాదాపు 120 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అంటే మీరు తగ్గించాలనుకున్న దడదడ ఆ ప్రాంతంలో ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. సరైన పద్ధతిలో, గోడను తాకకుండా విడిగా జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) ఫ్రేము నిలబెట్టి, గోడకూ బోర్డుకూ మధ్య నాలుగంగుళాల ఖాళీ ఉంచి, అందులో ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత గల రాక్‌వూల్ (రాతి పీచు) నింపి, పైన 12.5 మిల్లీమీటర్ల బోర్డులు రెండు వరుసలు, అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా వేసి, అంచులన్నీ సీలెంట్‌తో మూయాలి. అప్పుడు ఆ ఊగే స్థాయి 40 హెర్ట్జ్ దరిదాపులకు దిగుతుంది. గది అయిదంగుళాలు తగ్గుతుంది, వార్డ్‌రోబ్ ఉన్న గోడైతే దాన్ని విప్పాల్సి వస్తుంది. ఇంత ఖర్చు మీకు అవసరమని నేను అనుకోవడం లేదు.

సబ్‌వూఫర్ కింద వేసే ప్యాడ్ గురించి కూడా చాలామంది అడుగుతారు. చెక్క అంతస్తుల ఇళ్లలో దాని ప్రభావం స్పష్టంగా తెలుస్తుంది. మన కాంక్రీటు స్లాబు మీద బేస్ ఎక్కువగా గాలి ద్వారానే ప్రయాణిస్తుంది కనుక పక్కగదికి పెద్ద తేడా రాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. చీకటిలో చూస్తే తలుపు కింద ఆ చివర నుంచి ఈ చివర దాకా వెలుగు గీత కనిపించింది, కీళ్ల వైపున కూడా సన్నగా ఉంది. సబ్‌వూఫర్ ఆపి చూస్తే ఆ గదిలో మాటలు తప్ప ఇంకేమీ లేవు. ఫోమ్ వద్దని చెప్పేశాను. ఒక సందేహం: గదిలో స్ప్లిట్ ఏసీ ఉంది. తలుపు చుట్టూ సందులన్నీ మూసేస్తే గాలి ఆడక ఇబ్బంది అవుతుందా?

మొదటి జవాబు రాసినవారు

స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది కనుక దాని పనికి ఆటంకం ఉండదు. కానీ తాజా గాలి రాదు. అందువల్ల సినిమా అయ్యాక తలుపు కాసేపు తీసి ఉంచండి, లేదా హాలు బాల్కనీకి దూరంగా ఉన్న కిటికీని కొంచెం తెరవండి. బాల్కనీ పక్క కిటికీ తెరిస్తే హాలు శబ్దం బయటి నుంచి తిరిగి గదిలోకి వస్తుంది. ద్వారబంధానికి మూడు వైపులా రబ్బరు బీడింగ్, తలుపు అడుగున డ్రాప్ సీల్ పెట్టించండి. తలుపు మూసినప్పుడు మాత్రమే ఆ సీల్ కిందికి దిగుతుంది, తెరవగానే పైకి లేస్తుంది కనుక నేలను రాసుకోదు. టైల్స్ వాలుగా ఉంటే సీల్ ఒక చివర ఆనదు. కాబట్టి పని మొదలుపెట్టే ముందే తలుపు కింద రెండు చివరలా సందు ఎంతుందో వడ్రంగి చేత కొలిపించి, తేడా ఎక్కువగా ఉంటే అక్కడ సన్నని గ్రానైట్ పట్టీ వేయించండి.