హైదరాబాద్ మారథాన్ ఫుల్ దారి: నల్గొండ, పాలమూరు వైపు నుంచి వెళ్లినవాళ్లు చెప్పండి

ఉదయసముద్రం (నల్గొండ)
ఆగస్టు చివరి వారాల్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఈసారి ఫుల్‌కు పేరు ఇచ్చాను. ఇంతవరకు హాఫ్‌లు మాత్రమే చేశాను. ఎయిర్‌టెల్ పేరుతో జరిగిన రోజుల దారికీ, ఇప్పుడు ఎన్‌ఎండీసీ పేరుతో జరుగుతున్న దారికీ తేడా ఎంత? పంజాగుట్ట దాటాక అసలైన ఎత్తులు ఎక్కడెక్కడ వస్తాయి? పోటీ మొదలయ్యే పీపుల్స్ ప్లాజాకు తెల్లవారకముందే ఎలా చేరుతున్నారు? ఇక్కడ పానగల్లు చెరువుకట్ట మీద చదునుగా పరుగెత్తే నాలాంటివాడు ఫ్లైఓవర్లకు ఎలా సిద్ధపడాలి? 42 కిలోమీటర్లని చెబితే ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. అది నేనే చూసుకుంటాను, మిగతావి మీరు చెప్పండి.

పాలమూరు పరుగు
42 కాదు తమ్ముడూ, 42.195. ఆ 195 మీటర్ల సంగతి పరుగెత్తినవాడికే తెలుస్తుంది. నా గడియారమైతే ఒక పోటీలో 42.9 చూపించింది. ఏ పోటీ అన్నది చెప్పను, అనవసరంగా గొడవ. కట్టిన రుసుముకు 700 మీటర్లు అదనంగా ఇచ్చారన్నమాట! నాలుగున్నర గంటల లోపు పూర్తి చేయాల్సినవాణ్ని, ఆ 700 మీటర్లే ముంచేశాయి. నిర్వాహకులకు గడియారం ఫొటోతో సహా మెయిల్ పంపాను. ఈ రోజు వరకు జవాబు లేదు. నువ్వు మాత్రం 43కు సిద్ధపడి వెళ్లు.

దేవరకొండ దారి
నేను గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాను, ఆ రోడ్ల మీదే రోజూ సాధన. దారి చెబుతాను.

నెక్లెస్ రోడ్డు మీద హుస్సేన్‌సాగర్ పక్కన మొదటి కిలోమీటర్లు చల్లగా, చదునుగా ఉంటాయి. అందరూ మోసపోయేది అక్కడే. రాజ్‌భవన్ రోడ్డు, పంజాగుట్ట ఫ్లైఓవర్ దాటి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వైపు మళ్లాక ఎత్తు మొదలవుతుంది. ఒక్కసారిగా రాదు, తెలియకుండా ఎక్కిస్తూ పోతుంది. తరవాత రోడ్ నంబర్ 45, దుర్గం చెరువు తీగల వంతెన. పాత దారికీ కొత్త దారికీ కంటికి కనిపించే పెద్ద తేడా ఇదే. ఆ వంతెన తెరిచిందే 2020 సెప్టెంబరులో, కాబట్టి ఎయిర్‌టెల్ రోజుల్లో పరుగెత్తినవాళ్లకు అది తెలియదు. వంతెన మీద గాలి బాగుంటుంది, ఫొటోలు తీసేవాళ్లు ఎక్కువ. ఫొటో కోసం వేగం పెంచకండి, చాలామంది పెంచుతారు.

అసలు పరీక్ష మాత్రం ఐటీ కారిడార్‌లో. ఫ్లైఓవర్ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. అప్పటికి ఎండ వచ్చేస్తుంది. మబ్బు పట్టినా ఆగస్టు తేమకు చొక్కా పిండేలా తడుస్తుంది. చివరికి ట్రిపుల్ ఐటీ కూడలి, కేంద్రీయ విశ్వవిద్యాలయం వైపు తిరిగి గచ్చిబౌలి స్టేడియంలో ముగింపు. మొత్తం మీద సాగర్ ఒడ్డున మొదలై ఎత్తులో ముగిసే దారి ఇది. ముంబయిలో మీరు చేసిన సమయాన్ని ఇక్కడ ఆశించకండి. ఏటా చిన్న చిన్న మార్పులు ఉంటాయి, పోటీకి ముందు వచ్చే పటం తప్పకుండా చూసుకోండి.

జడ్చర్ల జంక్షన్
ఎత్తుల సంగతి తరవాత. బిబ్, అంటే ఛాతీకి పెట్టుకునే నంబరు, తీసుకోవడానికి ఎవరికి వారు ముందుగానే హైటెక్స్ ప్రదర్శనశాలకు వెళ్లాలి, అది ఎవరూ చెప్పడం లేదు. మనలాంటివాళ్లకు అక్కడే సెలవు ఒకటి పోతుంది. జడ్చర్ల నుంచి కాచిగూడ రైలు, అక్కడి నుంచి హైటెక్స్ నగరానికి ఆ కొసన. బిబ్ తీసుకొని, రాత్రికి మళ్లీ హుస్సేన్‌సాగర్ వైపు బస వెతుక్కోవాలి. మా బావమరిది ఇల్లు ఉప్పల్‌లో, అది ఇంకో దిక్కు. పైగా అక్కడ పదిన్నరకు బిర్యానీ పెడతారు, వద్దంటే అలుగుతారు.

కొలత కచ్చితం (మిర్యాలగూడ)
పాలమూరు పరుగు గారికి. నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. జిల్లాలో ట్రాక్‌లకు గీతలు గీయించినవాణ్ని, రోడ్డు పరుగు కొలతలు దగ్గరుండి చూసినవాణ్ని. ఇక్కడ నా అంత తెలిసినవాళ్లు ఉంటే సంతోషం, ముందుకు రండి.

మీ చేతి గడియారం కొలత కాదు, అంచనా. ధ్రువీకరించిన మారథాన్‌ను సైకిల్‌తో కొలుస్తారు. ముందు చక్రానికి జోన్స్ కౌంటర్ బిగిస్తారు, చక్రం ఎంత తిరిగిందో అంకెల్లో లెక్కించే చిన్న పరికరం అది. ఉక్కు టేపుతో కొలిచిన సూటి రోడ్డు మీద ఆ సైకిల్‌ను నడిపి, ఎన్ని అంకెలకు ఎంత దూరమో తేల్చుకుంటారు. ఎండకు టైరులో గాలి వ్యాకోచించి లెక్క మారుతుందని కొలతకు ముందూ, తరవాతా ఆ పరీక్ష చేస్తారు. మలుపుల్లో రోడ్డు అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, సాధ్యమైనంత దగ్గరి దారిలో సైకిల్ పోతుంది. అయినా తగ్గిపోతుందేమో అని వెయ్యికి ఒకటి చొప్పున, అంటే 42 మీటర్లు కలుపుతారు. మీకు అదనంగా ఇచ్చింది 700 కాదు, ఆ 42.

మిగతాది మీరే పరుగెత్తారు. నీళ్ల స్టాల్ కోసం ఎడమకు, నీడ కోసం కుడికి, ఫోన్ పట్టుకున్న మిత్రుడి కోసం మధ్యకు. కిలోమీటరుకు పది మీటర్లు అలా పోయినా చివరికి 420 మీటర్లు. ఎత్తైన భవనాల మధ్య, ఫ్లైఓవర్ల కింద ఉపగ్రహ సంకేతం చెదిరి గడియారం వేసే వంకర గీతలు దానికి అదనం.

పాలమూరు పరుగు
మాస్టారూ, తరగతి గదిలో చెప్పినట్టు చెప్పకండి. ఫ్లైఓవర్ ఎక్కి దిగితే నేల మీద గీసిన గీత కంటే దూరం పెరగదా? త్రిభుజంలో కర్ణం పెద్దదని ఎనిమిదో తరగతి పిల్లవాడికీ తెలుసు. అన్ని ఫ్లైఓవర్ల కర్ణాలు కలిపితే 700 ఎందుకు కాకూడదు?

కొలత కచ్చితం (మిర్యాలగూడ)
ఎనిమిదో తరగతే కదా, లెక్క వేద్దాం. 100 మీటర్ల దూరంలో 5 మీటర్లు ఎక్కితే, అది బాగా నిటారైన రోడ్డే, కర్ణం 100.125 మీటర్లు. పెరిగింది 12.5 సెంటీమీటర్లు, మీ జానెడు కూడా లేదు. మారథాన్ మొత్తం అంత నిటారుగా ఉన్నా 53 మీటర్లు దాటదు. ఇంకో సంగతి. సైకిల్ చక్రం కూడా ఆ ఫ్లైఓవర్ ఎక్కే కొలుస్తుంది, గాలిలో ఎగరదు. మీ కర్ణం ముందే లెక్కలో ఉంది.

పాలమూరు పరుగు
సరే, గాలిలో ఎగిరింది నేనేనేమో! మీరు పరుగెత్తింది ఎప్పుడు? ఈల ఊదడం వేరు, 35వ కిలోమీటరు వేరు.

మన్యంకొండ మెట్లు
ఇద్దరూ కాసేపు ఆగండి. ప్రశ్న అడిగినవాడికి ఎత్తుల సాధన కావాలి. మహబూబ్‌నగర్ వాళ్లకైతే మన్యంకొండ ఘాట్ రోడ్డు ఉంది, రాయచూరు వైపు. మెల్లగా ఎక్కి, నడుస్తూ దిగండి. పరుగెడుతూ దిగితే తొడ కండరాలు పట్టేస్తాయి, మోకాళ్లు నొప్పెడతాయి. పిల్లలమర్రి రోడ్డు చెట్ల నీడకు మంచిదే కానీ ఎత్తుకు కాదు. నల్గొండ వాళ్ల సంగతి నాకు తెలియదు. ఊరి చుట్టూ గుట్టలే కదా, దారులు వెతుక్కోండి. ఉత్సాహం ఎక్కువైనవాళ్లు మన్ననూరు ఘాట్ అంటుంటారు. అది పులుల అభయారణ్యం, రాత్రి వాహనాలనే పోనివ్వరు, మీ సాధనకు పనికిరాదు.

తెల్లవారుజాము
గుట్టలు, ఘాట్ రోడ్లు, చీకట్లో సాధన. అన్నీ మగవాళ్ల సలహాలే. నేను నల్గొండలో నాలుగున్నరకు బయటికి వస్తే కుక్కలు ఒక వైపు, బండి నెమ్మది చేసి పక్కనే నడిపేవాళ్లు ఇంకో వైపు. కుక్కలకు కర్ర చాలు. అందుకే కళాశాల మైదానంలో గుండ్రంగా తిరుగుతూ లాంగ్ రన్ పూర్తి చేస్తాను. ఇరవై కిలోమీటర్లు అంటే ట్రాక్ మీద యాభై చుట్లు. ఎప్పుడైనా చేసి చూడండి, ఫ్లైఓవర్ స్వర్గంలా కనిపిస్తుంది.

పోటీ రోజు మాత్రం వేరు. రోడ్డంతా మనదే, పోలీసులే వాహనాలను ఆపుతారు. ఏడాదిలో ఆ ఒక్క ఉదయం కోసమే రుసుము కడతాను. గడియారం 42.9 చూపించినా నాకు ఫిర్యాదు లేదు.

పాలమూరు పరుగు
అక్కా, మీ బాధ వేరు, ఒప్పుకుంటాను. కానీ కొలిచినవాళ్లు దేవుళ్లేమీ కాదు. బోస్టన్ మారథాన్ 1897 నుంచి జరుగుతోంది, అంత పేరున్న పోటీయే కొన్నేళ్లు తప్పు దూరం పరుగెత్తించింది. మాస్టారు దీనికి జవాబు చెప్పాలి.

కొలత కచ్చితం (మిర్యాలగూడ)
చెబుతాను. 1951 నుంచి 1956 వరకు బోస్టన్ దారి 1,183 గజాలు తక్కువైంది, అంటే కిలోమీటరు పైన. రోడ్డు పనుల్లో వంపులు సూటిగా చేశారు, ఎవరూ మళ్లీ కొలవలేదు. సమయాలు అనుమానం వచ్చేంత బాగా రావడంతో బయటపడింది. గమనించండి, తగ్గింది, పెరగలేదు! 42 మీటర్లు కలిపే పద్ధతి ఎందుకు వచ్చిందో ఇప్పుడైనా అర్థమైందా? తక్కువైతే రికార్డులన్నీ చెల్లవు, ఎక్కువైతే మీలాంటివాళ్లు మెయిల్ రాస్తారు, అంతే.

ఆ మాటకొస్తే బోస్టన్‌లో ఎంత వేగంగా పరుగెత్తినా ప్రపంచ రికార్డు ఇవ్వరు. 2011లో జెఫ్రీ ముతాయ్ 2:03:02 చేశాడు, అప్పటి ప్రపంచ రికార్డు కంటే వేగం. అయినా ఇవ్వలేదు. మొదలుకూ ముగింపుకూ మధ్య సూటి దూరం పోటీ దూరంలో సగానికి మించకూడదు, దారి కిలోమీటరుకు ఒక మీటరు కంటే ఎక్కువ దిగకూడదు. బోస్టన్ రెండింటిలోనూ తప్పుతుంది. మన హైదరాబాద్ దారికి ఆ చిక్కు లేదు. దిగడం మాట దేవుడెరుగు, ఎక్కడమే.

తెల్లవారుజాము
బోస్టన్ ఎత్తారు కాబట్టి ఇదీ వినండి. 1966లో బాబీ గిబ్ మొదలు దగ్గర పొదల్లో దాక్కుని, నంబరు లేకుండా పరుగెత్తింది. మరుసటి ఏడు కాథరిన్ స్విట్జర్ ఆడమనిషని తెలియకుండా ‘కె.వి. స్విట్జర్’ అని మాత్రమే రాసి 261 నంబరు సంపాదించింది. పోటీ అధికారి ఒకడు దారి మధ్యలో మీదపడి ఆ నంబరు లాగేయబోయాడు. ఆమె ఆగకుండా పూర్తి చేసింది. ఆడవాళ్లను అధికారికంగా రానిచ్చింది 1972లో, ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ 1984లో. మీరు గజాలు, కర్ణాలు లెక్క వేసుకోండి.

సాగర్ గాలి
ఆ 195 మీటర్లు అసలు ఎందుకొచ్చాయో ఎవరూ అనలేదు. 1896 ఏథెన్స్‌లో దూరం 40 కిలోమీటర్ల చిల్లర. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోట ఎదురుగా ముగించారు. అలా కుదిరిన దూరమే 1921లో నియమమైంది. రాచవారి సౌకర్యానికి మనం చెమటోడుస్తున్నాం.

దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అని ఇంకోటి ఉంది, 1921 నుంచి, 90 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఒక ఏడు డర్బన్ నుంచి పైకి, మరుసటి ఏడు కిందికి. పన్నెండు గంటలు దాటితే ముగింపు గీత దగ్గరే నిలిపేస్తారు. నల్గొండ నుంచి నాగార్జునసాగర్ అలా పెడితే ఎలా ఉంటుంది? ఒక ఏడు ఊరి నుంచి డ్యామ్‌కు, మరుసటి ఏడు డ్యామ్ నుంచి ఊరికి.

జడ్చర్ల జంక్షన్
ముందు మన జిల్లాల్లో జరిగే పోటీలను సరిచేయండి. 5 కిలోమీటర్లు పెట్టి ఫ్లెక్సీ మీద మారథాన్ అని రాస్తారు. మొన్న ఒక ఊళ్లో, పేరు అనను, నాయకుడు జెండా ఊపే వరకు గంటన్నర నిలబెట్టారు. మొదలయ్యాక రెండో స్టాల్‌లో నీళ్లే లేవు. టీషర్టులు మాత్రం మిగిలిపోయాయి.

మన్యంకొండ మెట్లు
సాగర్ రోడ్డు మీద మే నెలలో పెడితే అంబులెన్సులు కూడా వరసలో పరుగెత్తాలి. పాలమూరులో జనవరిలో పెట్టండి, మేం చూసుకుంటాం.

సాగర్ గాలి
పాలమూరులో ఎవరికోసం? మీవాళ్లంతా కూలికి బొంబాయి, పుణే వెళ్లిపోయారు కదా.

పాలమూరు పరుగు
ఆ మాట ఇక్కడ వద్దు. వలస పోయినవాళ్ల కాళ్లలో ఉన్న సత్తువ మీ కాలువ నీళ్లలో లేదు. గడియారం గురించి నవ్వితే భరించాను, దీన్ని భరించను.

దేవరకొండ దారి
సాగర్ గాలి గారూ, ఆ వాక్యం తీసేయండి. మా దేవరకొండ తండాల నుంచీ వలసలే, నేను చేసిందీ వలసే. ఏసీ గదిలో కూర్చుంటున్నాను కాబట్టి ఎవరూ ఆ మాట అనరు.

సాగర్ గాలి
సరదాగా అన్నాను. తీసేస్తాను.

ఉదయసముద్రం (నల్గొండ)
దారి చెప్పిన అన్నకు, మన్యంకొండ వాళ్లకు ధన్యవాదాలు. తెల్లవారుజామున పీపుల్స్ ప్లాజాకు ఎలా చేరాలో ఇంకా ఎవరూ చెప్పలేదు. కొత్త బూట్లు కూడా కొన్నాను, అవే వేసుకోవచ్చా?

కొలత కచ్చితం (మిర్యాలగూడ)
పోటీ రోజు కొత్త బూట్లా! కాలిగోళ్లు రాలిపోతాయి. నెల ముందు నుంచి వాటితోనే సాధన చేయాలి. శివ్‌నాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ పూర్తి చేశారు. దశాబ్దాల పాటు దేశంలో దాన్ని దాటినవాడు లేడు. అప్పుడు బూట్లలో ఏ కార్బన్ పలక ఉంది, దారిలో శక్తికి ఏ జెల్ ఉంది?

తెల్లవారుజాము
నల్గొండ నుంచి మేం నలుగురు ఆడవాళ్లం శనివారం మధ్యాహ్నం కారు మాట్లాడుకుని వెళ్తున్నాం. బిబ్‌లు తీసుకుని రాత్రికి ఖైరతాబాద్ దగ్గర బస, అక్కడి నుంచి ప్లాజాకు నడకే. మెట్రోను నమ్ముకోవద్దు, ఆ వేళకు ఉంటుందో లేదో ముందే కనుక్కోండి. ఉదయసముద్రం, నీ భార్యను కూడా 10కేకు పేరు ఇప్పించు, కారులో ఒక సీటు ఉంది. నువ్వు మాత్రం బస్సు ఎక్కు.

పాలమూరు పరుగు
మాస్టారూ, ఆ జోన్స్ కౌంటర్ మీ దగ్గర నిజంగా ఉందా? ఉంటే పిల్లలమర్రి రోడ్డుకు తీసుకురండి. సైకిల్ నేను తెస్తాను, ఉక్కు టేపు మీరు తెండి. పక్కన నా గడియారం పెట్టుకుని పది కిలోమీటర్లు కొలుద్దాం.

కొలత కచ్చితం (మిర్యాలగూడ)
కౌంటర్ నాది కాదు, అడిగి తెస్తాను. ఆదివారం ఐదు గంటలకు వస్తాను. ఎండ ఎక్కకముందే టేపు పరవాలి. టైరులో గాలి ముందు రోజు రాత్రే నింపి ఉంచండి, పొద్దున అక్కడికి వచ్చి పంపు కోసం వెతకనివ్వకండి.