పెదనాన్నగారి 1972 అంబాసిడర్: ఇంజిన్ మార్చాలా, ఉన్నదాన్నే బాగుచేయించాలా?

రాయగడ_శ్రీను:
అందరికీ నమస్కారం. మాది రాయగడ. మా పెదనాన్నగారి అంబాసిడర్ మార్క్ 2, 1972 మోడల్, పెట్రోలు బండి. ఆయన పోయినప్పటి నుంచి షెడ్డులోనే ఉంది. బాడీ గట్టిగానే ఉంది గానీ డ్రైవరు కాళ్ల దగ్గర ఫ్లోరు తుప్పు పట్టింది. ఇంజిన్ తిరుగుతుందో లేదో తెలీదు, ఇన్నాళ్లూ ఎవరూ కదపలేదు. ఇప్పుడు పెద్దమ్మ "నువ్వే ఉంచుకో నాన్నా" అని తాళాలు నా చేతికిచ్చింది.

ఇక్కడ ఒక మెకానిక్‌కి చూపిస్తే ఈ ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ వేద్దాం, ఏసీ, పవర్ స్టీరింగ్ కూడా పెట్టేద్దాం అంటున్నాడు. ఇంకొకాయన వీఏ నంబరు తీసుకోండి, వింటేజ్ కారు అయిపోతుంది, రేటు పెరుగుతుంది అంటున్నారు. నాకు అమ్మే ఉద్దేశం లేదు. పెద్దమ్మని మజ్జిగౌరి అమ్మవారి గుడికి, అప్పుడప్పుడు సాలూరులో చుట్టాలింటికి ఆ బండిలోనే తీసుకెళ్లాలి, అంతే. ఏం చెయ్యమంటారు?

జయపూర్_మార్క్2:
శ్రీను గారూ, ముందు ఆ ఇంజిన్ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి. అది 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజిన్. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి వేసిన కుటుంబంలోదే. పెద్ద స్పీడు ఉండదు, కానీ కింది గేర్లలో లాగే తీరు వేరు. నా చిన్నప్పుడు సాలూరు నుంచి కోరాపుట్‌కి పెళ్లివాళ్లు ఎక్కేది అంబాసిడర్లే, వెనక నలుగురు, ముందు డ్రైవరు కాక ఇద్దరు, ఒళ్లో పిల్లలు, డిక్కీ నిండా సామాను. ఆ దారిలో సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు డ్రైవరు స్టీరింగ్ కింద గేరు రాడ్‌ని రెండులో వేసి ఇక అలాగే వదిలేసేవాడు. మధ్యలో ఎక్కడో బండి దగ్గి ఆగిపోయేది. దిగి బానెట్ ఎత్తి, తడి గుడ్డ ఒకటి పెట్రోలు పంపు చుట్టూ కట్టి, బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. ఆ పంపు ఇంజిన్‌కి ఆనుకునే బిగించి ఉంటుంది. ఎక్కుడులో ఇంజిన్ కాగిపోతే పంపులో పెట్రోలు ఆవిరైపోయి కార్బ్యురేటర్‌కి అందదు, చల్లబడగానే మళ్లీ మామూలే. దాన్ని ఇంజిన్ రోగం అనుకుని బోరింగ్ (సిలిండర్లు కోయించి పెద్దవి చేయించడం) చేయించేసినవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు సాలూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు ఇది జరగవచ్చు, టెన్షన్ పడకండి, ఒక గుడ్డ, ఒక నీళ్ల సీసా బండిలో ఉంచుకోండి.

డీజిల్ ఇంజిన్ ఎందుకు వద్దంటున్నానంటే, ముందు చక్రాల దగ్గర టార్షన్ బార్లు (స్ప్రింగుల్లా మెలితిరిగే కడ్డీలు), వెనక కమాన్ కట్టలు ఈ ఇంజిన్ బరువుకి తగ్గట్టు పెట్టినవి. బరువైన ఇంజిన్ వేస్తే ముందు భాగం కుంగుతుంది. అంతకంటే పెద్ద సంగతి బ్రేకులు. మీ బండికి నాలుగూ డ్రమ్ములే. ఎక్కువ పవర్ పెట్టి, అవే డ్రమ్ములతో ఘాట్ దిగుతానంటే నేనైతే మా ఇంట్లోవాళ్లని ఎక్కించను. పైగా ఇంజిన్ మార్చాలంటే ఆర్టీవో అనుమతి ఉండాలి, ఆర్‌సీలో ఎక్కించాలి, అది లేకపోతే రేపు ఇన్సూరెన్సూ చెల్లదు.

నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, అంబాసిడర్‌ని 1957 నుంచి 2014 దాకా పెద్దగా మార్చకుండా అమ్మడం కంపెనీ చేసిన తప్పే. పోటీ వచ్చాక నిలబడలేకపోయింది. కానీ మార్చలేదు కాబట్టే 1972 బండికి ఈరోజు కూడా సామాను దొరుకుతోంది. ఆ కాలపు స్టాండర్డ్ హెరాల్డ్ అందంలో దీనికి నాలుగు మెట్లు పైన, ఇటలీ డిజైనర్ మికెలొట్టి గీసిన బండి, ముందు మడ్‌గార్డులతో సహా బానెట్ మొత్తం ముందుకి లేస్తుంది. మద్రాసులో తయారైన ఆ బండికి ఇవాళ ఒక డోర్ రబ్బరు కోసం ఎంత తిరగాలో ఉన్నవాళ్లని అడగండి.

ఇప్పుడు స్టార్ట్ చేసే సంగతి. సెల్ఫ్ కొట్టొద్దు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత ముందు బంపరు దగ్గర రంధ్రంలోంచి హ్యాండిల్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పండి. బిగుసుకుని ఉంటే బలవంతం చెయ్యకండి, ఇంకాస్త ఆయిల్ పోసి ఆగండి. తిరిగిందంటే సగం గెలిచినట్టే. కూలెంట్, ఇంజిన్ ఆయిల్ మార్చి, డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు శుభ్రం చేసి, అప్పుడు బ్యాటరీ పెట్టండి. బండి కదిపేలోపు నాలుగు చక్రాల బ్రేకు సిలిండర్లకీ, మాస్టర్ సిలిండర్‌కీ కొత్త రబ్బరు కిట్లు పడాల్సిందే.

బల్లార్షా_పద్మిని:
నమస్తే అన్నా. మాది చంద్రపూర్ జిల్లా. మా దిక్కు రోడ్లమీద ఎక్కువ కనిపించినవి ప్రీమియర్ పద్మినులే, ముంబై కుర్లాలో తయారై ఇటు వచ్చేవి, మీకేమో కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పాడాలో తయారైన అంబాసిడర్లు అటు దిగేవి. ఎవరి ఊరికి ఏ ఫ్యాక్టరీ దగ్గరో ఆ బండి మీదే ప్రేమ. నేను పద్మిని మనిషిని. 1089 సీసీ, తేలిక బండి, సందుల్లో చేతికి ఎంత బాగా మాట వింటుందో నడిపినోళ్లకే తెలుసు. ముంబై టాక్సీల్లో చివరి పద్మిని 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోతే మా ఇంట్లో అందరికీ బాధనిపించింది. అయినా ఆరుగురు ఎక్కి ఘాట్ ఎక్కాలంటే అంబాసిడరే, అది ఒప్పుకుంటా.

నేను చెప్పాలనుకున్నది పెట్రోలు గురించి. 2000 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఈ పాత ఇంజిన్ల వాల్వు సీట్లు సీసం ఉన్న పెట్రోలు కోసం చేసినవి, మెల్లగా అరిగిపోతాయి, ట్యాపెట్ గ్యాప్ (వాల్వు దగ్గర వదిలే సందు) మాటిమాటికీ తగ్గిపోతుంటే అదే కారణం. ఇంజిన్ హెడ్ ఎప్పుడైనా విప్పితే గట్టి సీట్లు వేయించేయండి. ఇప్పుడు దానికి తోడు 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు పైపులు, పంపులో డయాఫ్రం (పల్చని పొర) మెత్తబడి చిరుగుతాయి. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి బండి నెలల తరబడి నిలబెడితే ట్యాంకు అడుగున నీళ్లు చేరి తుప్పు పడుతుంది. ఇథనాల్ తట్టుకునే పైపులు అడిగి వేయించండి, వారానికోసారైనా నడపండి.

బరంపురం_గ్యారేజ్:
కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఆర్‌సీ ఇంకా పెదనాన్నగారి పేరు మీదే ఉంటే ముందు వారసత్వం కింద ఫారం 31తో మార్పించుకోండి. పెద్దమ్మగారు బతికుండగా, ఆవిడ సంతకంతో అయిపోతే మేలు, తర్వాత పిల్లలందరి అంగీకారం అంటే చాలా తిరగాలి.

వీఏ నంబరు, అంటే వింటేజ్ బండ్లకిచ్చే ప్రత్యేక నంబరు, మీకు పనికిరాదు. 2021 రూల్ ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి ఇస్తారు, మీది అర్హమే. కొత్తగా 20,000, పదేళ్లకి చెల్లుతుంది. కానీ ఆ నంబరు పెట్టాక బండి ర్యాలీకి, ప్రదర్శనకి, రిపేరుకి, పెట్రోలుకి తప్ప రోడ్డెక్కకూడదు. పెద్దమ్మని గుడికి తీసుకెళ్లడం అందులో రాదు. మామూలుగా ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యూ చేసుకోండి. షోకేసులో పెట్టుకునేవాళ్లకి వీఏ.

సామాను కోసం కోల్‌కతా మల్లిక్ బజార్‌కి మించింది లేదు. పాత పార్టు చేతిలో పట్టుకునే వెళ్లండి, మార్క్ 2కి, 1975లో వచ్చిన మార్క్ 3కి గ్రిల్లు వేరు, మాటల్లో చెప్తే ఏదో ఒకటి అంటగడతారు. ఫ్లోరు మాత్రం ఇక్కడే టింకరింగ్ చేయించండి. తుప్పు మీద ప్యాచ్ కాదు, మంచి రేకు దొరికేదాకా కోసి వెల్డింగ్ పెట్టమనండి.

రాయగడ_శ్రీను:
అందరికీ చాలా థాంక్సండీ. డీజిల్ మాట ఇక లేదు. పెద్దమ్మకి చెప్తే ఆవిడే "మీ పెదనాన్న గ్రీజు కొట్టించకుండా సాలూరు బయల్దేరేవారు కాదు" అంది. ప్లగ్గులు రేపు విప్పుతున్నాం. ట్యాంకు కూడా దింపాలా, అందులో పాత పెట్రోలు ఉన్నట్టుంది?

జయపూర్_మార్క్2:
దింపాల్సిందే. అంతకాలం ఉన్న పెట్రోలు జిగురైపోతుంది, ఒక్క చుక్క కార్బ్యురేటర్‌లోకి వెళ్లినా జెట్లు (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాలు) మూసుకుపోతాయి. ఇంజిన్ తిరిగాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ట్యాంకు పైపు కలపకుండా, చిన్న డబ్బాలో కొత్త పెట్రోలు పెట్టి పంపుకి ఇవ్వండి, మంట అంటుకోకుండా దూరంగా కట్టండి. పెద్దమ్మగారు చెప్పిన గ్రీజు మాట నిజమే, ముందు చక్రాల దగ్గర గ్రీజు నిపుల్స్ అన్నిటికీ కొత్త గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టించండి. ట్యాంకు దింపాక లోపల టార్చి వేసి ఫోటో పెట్టండి, కడిగితే సరిపోతుందో కొత్తది చేయించాలో చూసి చెప్తా.