చెరువు కట్ట మీద గుడిసెల్లో ఉండేవాళ్ళకు ఓటు రాయించడం ఎట్లా?

ఫీల్డ్‌వర్క్ అమ్మాయి, తిరుపతి:
అందరికీ నమస్తే. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదువుతున్నా. ఫీల్డ్‌వర్క్ ఏర్పేడు వైపు ఒక యానాది కాలనీలో. పట్టా ఇళ్ళు కొన్నే, మిగతావాళ్ళవి చెరువు కట్ట మీద గుడిసెలు. ఎండలు మొదలైతే ఇటుకల బట్టీలకు పోతారు, వానలకు తిరిగొస్తారు. చాలామందికి ఆధార్‌లో పాత ఊరి అడ్రసే ఉంది, కొందరికి ఆధారే లేదు. ఓటర్ల జాబితాలో ఉన్న పేర్లు కూడా కొన్ని ఎగిరిపోయినాయి.

నిన్న ఒక పెద్దామె ఫారం 6 (కొత్తగా ఓటు రాయించుకునే దరఖాస్తు) చూడగానే చెయ్యి వెనక్కి తీసుకునింది. "వేలిముద్ర వేస్తే బియ్యం కార్డు తీసేస్తారేమో మ్మా. ముందూ ఎవరో వచ్చి రాసుకోని పోయినారు, ఏమీ రాలా" అనింది. ఆ భయం పోకుండా ఫారం నింపించడం నాకు ఇష్టం లేదు. మా బ్యాచ్‌లో కొందరు ఇది రెవెన్యూ వాళ్ళ పని, మనది కాదంటున్నారు. ఓట్లు లేని వీధికి కుళాయి ఎవరు వేయిస్తారు? ఇది మన పనే అని నేను గట్టిగా నమ్ముతున్నా. దారి చెప్పండి.

రిటైర్డ్ టీచర్, శ్రీకాళహస్తి:
బీఎల్వోగా, అంటే బూత్‌లో ఓటర్ల జాబితా చూసుకునే ఉద్యోగిగా చేసినోణ్ణి, చెప్తా విను తల్లీ. ఇంటి రుజువు ఏదీ లేకపోతే అధికారే వచ్చి విచారించాల, ఆ మాట ఫారం 6లోనే ఉంది. ఇల్లే లేనివాళ్ళయితే బీఎల్వో రాత్రిపూట పోయి, చెప్పిన చోటే పడుకుంటున్నారా అని చూసుకుంటాడు. కాగితం లేదని తిప్పి పంపకూడదు.

బట్టీకి పోయినారని పేరు తీసేయడం కూడా తప్పు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చూడు: కొన్నాళ్ళు వేరే చోటికి పోయినంత మాత్రాన ఆ ఊరి నివాసం పోదు. కానీ గుడిసె ఖాళీగా కనిపిస్తే 'వెళ్ళిపోయారు' అని రాసేసుకుంటారు. అందుకే వాళ్ళు బయల్దేరకముందే బీఎల్వోను పిలుచుకోని రా. పేరు పోయినోళ్ళకు మళ్ళీ ఫారం 6, ఊరు మారినోళ్ళకు ఫారం 8. పదిహేడు నిండిన పిలకాయలు ముందే అప్లై చేయొచ్చు. పద్దెనిమిది నిండినాయా అని చూసేదానికి 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ లెక్కలోకి వస్తాయి.

చిత్తూరు అక్క:
ఫారం సంచిలోనే ఉండనీ చెల్లీ. ముందు ఆ పెద్దామె బియ్యం కార్డు చూడు, అందులో ఏదన్నా చిక్కుంటే సచివాలయానికి తోడు పో. ఓటుకూ కార్డుకూ సంబంధం లేదని అప్పుడు చెప్తే నమ్ముతుంది. ఆధార్ లేనివాళ్ళు లేదని టిక్ పెట్టే గడి ఫారంలోనే ఉంది. కిందుండే రసీదు చింపి ఆమె చేతికే ఇయ్యి. పేరు ఎక్కిందా లేదా అని చూడాల్సింది నువ్వే, ఓటర్ల హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేసినా చెప్తారు.

ఎవరికి వేసినామో పెద్దోళ్ళకు తెలిసిపోతుందని ఆడోళ్ళకు లోపల భయం. అందుకే మేము ఓటు మిషన్ మాదిరి అట్టపెట్టె మీద మామిడికాయ, సీతాఫలం, చింతకాయ బొమ్మలు అతికించి, పక్కన బటన్లు గీసి, ఒక్కొక్కరినే చాటుకు పిలిచి నొక్కించినాం. ఓటు మిషన్ పక్కనుండే వీవీప్యాట్‌లో, ఎవరికి వేసినామో చూపించే చీటీ 7 సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుందనీ, దానిమీద వాళ్ళ పేరుండదనీ చెప్పినాం. ఎవరికి వేయాలని నిన్నూ అడుగుతారు. అది మాత్రం చెప్పొద్దు.

ఫీల్డ్‌వర్క్ అమ్మాయి, తిరుపతి:
చాలా థాంక్స్ అక్కా. సార్, పగలు అందరూ కూలికి పోతారు. బీఎల్వోను ఎప్పుడు రమ్మనాల?

రిటైర్డ్ టీచర్, శ్రీకాళహస్తి:
పొద్దు గుంకినాక. కాలనీ పెద్దకు ఒకరోజు ముందే చెప్పు. కట్ట మీద పురుగూ పుట్రా ఉంటాయి, టార్చి మరిచిపోవద్దు.