కుస్‌కి వుయెల్టా దానం చేశారా, గెలిచాడా? (2023 ఆంగ్లిరు గొడవ మళ్ళీ)

కొండరోడ్డు:
నిన్న రాత్రి నిద్ర పట్టక 2023 వుయెల్టా 17వ స్టేజ్ మళ్ళీ చూశా. తెలీనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా, స్పెయిన్‌లో మూడు వారాల రేసు, రోజుకో స్టేజ్, అన్ని రోజుల టైమ్ కలిపి ఎవడిది తక్కువైతే వాడికి ఎర్ర జెర్సీ. ఆ ఏడాది జంబో-విస్మా టీమ్ వాళ్ళే పైన ముగ్గురూ, సెప్ కుస్, వింగెగార్డ్, రోగ్లిచ్. ఆంగ్లిరు కొండ మీద రోగ్లిచ్, వింగెగార్డ్ కలిసి జెర్సీలో ఉన్న సొంత టీమ్ వాడిని వదిలేసి వెళ్ళిపోయారు. కుస్ 19 సెకన్లు వెనక వచ్చాడు. వింగెగార్డ్ మీద లీడు 29 సెకన్ల నుంచి 8కి పడింది. మర్నాటి నుంచి టీమ్ మొత్తం కుస్‌కే పని చేసింది, వింగెగార్డ్ మళ్ళీ అటాక్ చెయ్యలేదు. 8 సెకన్లంటే బాటిల్ తీసి రెండు గుక్కలు తాగి మళ్ళీ పెట్టేంత సేపు. బలమైనవాడిని ఆపి బలహీనుడి ఒంటికి జెర్సీ తొడిగారు. కుస్ మంచోడు, నాకూ ఇష్టమే, కానీ మంచోడికిచ్చినా దానం దానమే.

చైన్ ఊడింది:
29లో 19 పోతే 10 కదా. 8 ఎక్కడిది?

ఎదురుగాలి:
కొండరోడ్డన్నా ఆ దానం అనే మాట వెనక్కి తీసుకో ముందు. నువ్వు 17వ స్టేజ్ ఒక్కటే చూసి పడుకున్నట్టున్నావు. 6వ స్టేజ్ హవలాంబ్రే సంగతేంటి? ముందెళ్ళిన గుంపులో పడి వెళ్ళి చివరి కొండ మీద అందరినీ వదిలేసి గెలిచాడు, నీ బలమైనవాళ్ళంతా రెండున్నర నిమిషాల పైనే వెనక. ఆ టైమ్ ఎవడూ జేబులోంచి తీసివ్వలేదు. 8వ స్టేజ్ అయ్యాక జెర్సీ వచ్చింది, వాయదోలిద్‌లో టైమ్ ట్రయల్ (ఒక్కొక్కడే గడియారం మీద తొక్కేది) రోజు పోతుందిలే అని నేను కూడా అనుకున్నా, పోలేదు. తుర్మలే కొండ మీద వింగెగార్డ్ ఫస్ట్, కుస్ సెకండ్, రోగ్లిచ్ థర్డ్, అదే రోజు ముందటేడాది వుయెల్టా గెలిచిన ఎవెనెపూల్ 27 నిమిషాలు పోగొట్టుకున్నాడు. అలాంటి రోజున రెండో వాడిగా వచ్చినవాడు బలహీనుడా?
ఇంకోటి. ఆ మనిషి అదే ఏడాది మేలో జిరో (ఇటలీ మూడు వారాల రేసు) చేశాడు, జూలైలో టూర్ (ఫ్రాన్స్‌ది) చేశాడు, ఆ తర్వాత ఈ వుయెల్టా. మేలో రోగ్లిచ్ కోసం ముందు తొక్కుతూ కొండల మీద గాలి కోశాడు, రోగ్లిచ్ గెలిచాడు. జూలైలో వింగెగార్డ్ కోసం, వింగెగార్డ్ గెలిచాడు. దీన్ని మా ఊళ్ళో సొమ్మొకడిది సోకొకడిది అంటారు. సొమ్మున్నవాడే ఒక్కసారి సోకు చేసుకుంటే దానం అయిపోయిందా?

నెల్లూరు పెడల్:
@చైన్ ఊడింది, బోనస్ బ్రో. స్టేజ్ ఫినిష్‌లో ఫస్ట్‌కి 10 సెకన్లు, సెకండ్‌కి 6, థర్డ్‌కి 4 టైమ్‌లోంచి తీసేస్తారు. వింగెగార్డ్ సెకండ్, కుస్ థర్డ్. అక్కడ 2 తేడా. 19 ప్లస్ 2, 21. 29లో 21 పోతే 8.

చైన్ ఊడింది:
ఓహో. మరి వేరే టీమ్ వాడు లాండా కదా ముందు ఉంది?

డచ్చి వాన:
చిన్న సవరణ, డేనిష్‌లో వింగెగో లాగా పలుకుతారు 😀 నేనుండేది నెదర్లాండ్స్ ఐంధోవెన్‌లో, టీమ్ ఈ దేశందే, జంబో అంటే మా వీధి చివర ఉల్లిపాయలు కొనే సూపర్‌మార్కెట్టే. 2023లో మా కాంటీన్‌లో మామూలుగా ఫుట్‌బాల్ తప్ప మాట్లాడనివాళ్ళు కూడా ఆంగ్లిరు మర్నాడు కుస్ గురించే. ఒక్కరు కూడా వింగెగో వైపు మాట్లాడలేదు.

కొండరోడ్డు:
@ఎదురుగాలి, హవలాంబ్రే గురించి బాగా గుర్తు చేశావు, అదే నా పాయింట్. ఆ రోజు అంత టైమ్ ఎందుకు వదిలారు? కుస్ కాబట్టి. పనివాడు, గెలవడానికి రాలేదు అని మిగతా టీమ్‌లు లెక్క చెయ్యలేదు, తన టీమ్ ఎలాగూ వెంటపడదు. అదే గుంపులో వింగెగార్డ్ ఉంటే పది మీటర్లు కదలనిచ్చేవారా? కాబట్టి ఆ రెండున్నర నిమిషాలు కూడా సగం దానమే.
ఇక ఆంగ్లిరు. 12 కిలోమీటర్ల పైన ఎక్కుడు, పైన కుయెన్యా లెస్ కాబ్రెస్ దగ్గర 23 శాతం దాటుతుంది. అక్కడ ఎవడి కాళ్ళు వాడివే, టీమూ లేదు బాటిలూ లేదు. అక్కడ కుస్ ఆగిపోయాడు. లాండా చక్రం పట్టుకుని పైకొచ్చాడు. వేరే టీమ్ వాడు లాగితే బతికిన జెర్సీ.

ఎదురుగాలి:
23 శాతం ఎక్కుడులో చక్రం వెనకుంటే ఏం లాభం అన్నా? ఆ స్పీడ్‌లో గాలే ఉండదు కోయడానికి. ఫ్లాట్ మీద వెనక ఉన్నవాడికి మూడో వంతు కష్టం తగ్గుతుందేమో, అక్కడ గుంజినవాడికీ వెనకవాడికీ కష్టం ఒకటే. లాండా పక్కన ఉండటం మనసుకి పనికొచ్చి ఉంటుంది, కాళ్ళకి కాదు. పైగా చివర్లో లాండాని దాటి థర్డ్ వచ్చింది కుస్సే. ఆ 4 సెకన్లు లాండాకి పోయుంటే లీడు 4 సెకన్లే మిగిలేది. ఆ పెనుగులాట నీకు కనపళ్ళేదా?

చైన్ ఊడింది:
29 - 19 - 6 = 4. ఇప్పుడు అర్థమైంది.

పాత హెర్క్యులిస్:
అబ్బాయిలూ, ఈ వాదన నాకు కొత్త కాదు. 1986 టూర్ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమంది? లా వీ క్లేర్ టీమ్, ఇనో, లెమాండ్ ఇద్దరూ అందులోనే. ముందటేడాది లెమాండ్ తగ్గితే ఇనో ఐదో టూర్ గెలిచాడు, వచ్చేసారి నీకు సాయం చేస్తానన్నాడు. వచ్చేసారి వచ్చింది, ఇనో మాత్రం మొదటి పిరెనీస్ స్టేజ్‌లోనే అటాక్. లెమాండ్ ఆల్ప్స్‌లో పసుపు జెర్సీ లాక్కున్నాడు. ఆల్ప్ దుయెజ్ పైన ఇద్దరూ చేతులు కలుపుకుని వచ్చారు కానీ ఆ చేతుల్లో ప్రేమ ఎంతుందో దేవుడికెరుక. 3 నిమిషాల 10 సెకన్లతో గెలిచాడు. ఇవాళ ఒక్కడు కూడా లెమాండ్‌కి ఎవరో ఇచ్చారు అనడు.

కొండరోడ్డు:
నమస్కారం పెద్దాయనా, ఇదే, సరిగ్గా ఇదే! కొట్టుకుని గెలిచాడు, అందుకే అనరు. కుస్‌ని కూడా కొట్టుకోనివ్వాల్సింది. 18వ స్టేజ్, 20వ స్టేజ్ ఉన్నాయి కదా ఇంకా, నిలబడితే నిలబడేవాడు.

ఎదురుగాలి:
పెద్దాయన 86 చెప్పారు, 85 సగంలో ఆపేశారు. ఆ ఏడాది లుజ్ ఆర్దిదెన్ స్టేజ్‌లో లెమాండ్ ముందున్నాడు, వెనక ఇనో పడి విరిగిన ముక్కుతో ఇబ్బంది పడుతున్నాడు, టీమ్ కారులోంచి లెమాండ్‌ని లాగొద్దన్నారు. ఆగాడు. చివరికి 1 నిమిషం 42 సెకన్ల తేడాతో సెకండ్. మరి ఇనో ఐదో టూర్ దానమని ఏ పుస్తకంలో రాశారు? 2012 టూర్‌లో లా తుసుయిర్ కొండ మీద ఫ్రూమ్ దూకి, ఇయర్‌ఫోన్‌లో ఏదో విని, వెనక్కి చూసి తన టీమ్ లీడర్ విగ్గిన్స్ కోసం ఆగాడు. విగ్గిన్స్ టూర్ దానమా? పెద్దవాడి కోసం పనివాణ్ణి ఆపితే దాని పేరు వ్యూహం. పనివాడి కోసం పెద్దవాణ్ణి ఆపితే దానం. బాగుందయ్యా మీ లెక్క.

నెల్లూరు పెడల్:
👆 దీనికి సమాధానం చెప్పండి కొండరోడ్డు గారూ

కొండరోడ్డు:
చెప్తా. విగ్గిన్స్ 2012లో టైమ్ ట్రయల్స్‌లో ఫ్రూమ్‌ని కొట్టాడు, మొత్తం మీద 3 నిమిషాల పైన తేడా. ఆ ఒక్క కొండ తీసేసినా గెలిచేవాడు. కుస్ విషయంలో వింగెగార్డ్ ఒక్క రోజు మామూలుగా తొక్కితే అయిపోయేది. 16వ స్టేజ్‌లో బెహెస్ చిన్న ఎక్కుడు మీదే నిమిషం పైచిలుకు లాగేశాడు కదా. తేడా తెలీకుండా అన్నీ ఒకే గాటన కట్టకు.

డచ్చి వాన:
బెహెస్ రోజు సంగతి వేరండి. ఆ పొద్దున వాళ్ళ టీమ్‌మేట్ వాన్ హూయిదాంక్ బెల్జియంలో కారు నడుపుతూ గుండె సమస్యతో ప్రమాదంలో పడ్డాడు, అతను వింగెగోకి బాగా దగ్గర, ఆ గెలుపు అతనికే అంకితమన్నాడు. ఆ రోజు లెక్కలు వేసుకుని తొక్కాడని నేననుకోను.

కొండరోడ్డు:
ఎందుకు తొక్కాడన్నది గడియారానికి తెలీదమ్మా. కానీ అది నాకు తెలీని విషయం కాదు, సరే.

ఎదురుగాలి:
గడియారం గడియారం అని నువ్వే అంటున్నావు, ఆ గడియారం మాడ్రిడ్‌లో ఏం చెప్పింది? కుస్ ఫస్ట్. వింగెగార్డ్ 17 సెకన్లు వెనక. రోగ్లిచ్ 1 నిమిషం 8. అయిపోయింది. నీకు కాళ్ళు కావాల్సినప్పుడు కాళ్ళు, గడియారం కావాల్సినప్పుడు గడియారం. టీవీ ముందు కూర్చుని బలమైనవాడు బలహీనుడు అని సర్టిఫికెట్లు ఇస్తున్నావు, ఒక్క రోజైనా ఇంకొకడి కోసం గాలిలో ముందు తొక్కావా?

కొండరోడ్డు:
మర్యాదగా మాట్లాడు. నేను తొక్కినంత నువ్వు బైక్ మీద కూడా తిరిగుండవు.

అడ్మిన్:
ఇద్దరూ కొంచెం తగ్గండి. వ్యక్తిగతంగా వద్దు.

ఎదురుగాలి:
వ్యక్తిగతమే అడ్మిన్ గారూ, నాకు వ్యక్తిగతమే. మూడేళ్ళ కింద మా ఆఫీసులో ఒక ప్రాజెక్టు. పండక్కి కూడా ఊరెళ్ళకుండా రాత్రిళ్ళు కూర్చుని నేను నిలబెట్టిన పని, పెద్ద మీటింగులో స్లైడ్లు వేసి చూపించింది మా టీమ్ లీడర్. నేను వెనక వరసలో కూర్చుని హెచ్‌డీఎంఐ కేబుల్ ఊడకుండా చేత్తో పట్టుకున్నా. నిజంగా, కనెక్టర్ లూజు, గంటసేపు పట్టుకున్నా. చివర్న 'టీమ్ సపోర్ట్‌కి థాంక్స్' అన్నాడు. అందుకే కుస్ మాడ్రిడ్‌లో నడి మెట్టు ఎక్కి, ఆ ఇద్దరూ చెరో పక్క నిలబడితే నాకు గొంతు పట్టేసింది. అది దానం కాదన్నా. బాకీ. ఇవ్వాల్సింది ఇచ్చారు, అదీ ఆంగ్లిరు మీద ఎగ్గొట్టే ప్రయత్నం చేసి, లోకం తిడితే ఇచ్చారు.

చైన్ ఊడింది:
కేబుల్ 😢

పాత హెర్క్యులిస్:
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది.

కొండరోడ్డు:
సరే, నేనూ చెప్తా, నవ్వకండి. నేను ఒక 200 కిలోమీటర్ల బ్రెవెలో (టైమ్ లోపల పూర్తి చేసే దూరపు రైడ్) మా గ్రూప్‌లో ఒకాయన్ని జడ్చర్ల దాటిన దగ్గర్నుంచి వెనక వేసుకుని తెచ్చా. ఎదురుగాలి (నువ్వు కాదు, నిజం గాలి). ఆయన ఫ్రేమ్ నాదాని కంటే నాలుగింతలు ఖరీదు, కాళ్ళు మాత్రం అయిపోయాయి. షాద్‌నగర్ దాకా ఒక్క నిమిషం కూడా ముందుకి రాలేదు, నేనూ అడగలేదు. చివరి కంట్రోల్ (కార్డు మీద ముద్ర వేసే చోటు) వంద మీటర్లుందనగా ఆయన బ్రేకు వేసి, చెయ్యి చాపి, 'నువ్వు ముందెళ్ళు తమ్ముడూ' అన్నాడు. ఇంకొకడి చేత వీడియో తీయించాడు. సాయంత్రానికి గ్రూప్‌లో ఆ వీడియో, కింద అంతా 'అన్నది గొప్ప మనసు', 'అన్న రియల్ స్పోర్ట్స్‌మన్'. నేను అన్ని కిలోమీటర్లు గాలిలో తొక్కింది ఎవడికీ తెలీదు, ఆయన వంద మీటర్లు నాకిచ్చాడన్నది అందరికీ తెలుసు.

నెల్లూరు పెడల్:
బ్రెవెలో ఫస్టూ సెకండూ ఉండవు కదండీ, 13 గంటల 30 నిమిషాల్లో వస్తే చాలు

కొండరోడ్డు:
తెలుసు బాబూ. ఉండదు కాబట్టే ఇంకా మండింది, లేనిదాన్ని నాకిచ్చాడు.
@ఎదురుగాలి, నాకు కుస్ మీద కోపం లేదు. వాళ్ళు ఆగిన క్షణం నుంచి కథ వింగెగార్డ్ గొప్ప మనసు కథ అయిపోయింది. హవలాంబ్రే ఎవడికి గుర్తుంది? 'టీమ్ ఇచ్చింది' అన్నదే గుర్తుంది. కొట్టుకుని 8 సెకన్లతో నిలబెట్టుకునుంటే, పోనీ 5 సెకన్లతో ఓడిపోయున్నా, ఆ కథ కుస్‌ది అయ్యుండేది. ఇచ్చేవాడికే పేరొస్తుంది ఎప్పుడూ.

ఎదురుగాలి:
ఓడిపోయుంటే కథ ఎవడిదో నాకు తెలుసన్నా, కేబుల్ పట్టుకున్నవాడి కథ ఎవడూ చెప్పడు. నాకు గొప్ప కథ వద్దు, జెర్సీ కావాలి. పేరు వాళ్ళనే తీసుకోమను.

డచ్చి వాన:
మీరిద్దరూ కుస్ గెలుపుకి అర్హుడే అంటున్నారు, గమనించారా. మరి రోగ్లిచ్ సంగతో? మేలో జిరో గెలిచినవాడు, అప్పటికి మూడు వుయెల్టాలున్నవాడు, ఆంగ్లిరు గెలిచిన మర్నాడే ఆగాల్సొచ్చింది. సీజన్ అవగానే టీమ్ వదిలి బోరా టీమ్‌కి వెళ్ళిపోయాడు, కారణం ఇదొక్కటే అని నేననను. ఒకే ఏడాది మూడు గ్రాండ్ టూర్లూ (జిరో, టూర్, వుయెల్టా) గెలిచిన మొదటి టీమ్ అని రికార్డు మిగిలింది, మూడు గెలిపించిన ముగ్గురిలో ఒకడు వెళ్ళిపోయాడు.

కొండరోడ్డు:
రోగ్లిచ్ గురించి విడిగా థ్రెడ్ పెట్టండి, అక్కడ నేను వేరే పార్టీ 🙂
కానీ దానం అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఎదురుగాలి:
తీసుకోకు. 18వ స్టేజ్‌లో లీడు 8 నుంచి 17 అయింది, అది కూడా దానమేనా?

చైన్ ఊడింది:
17 - 8 = 9. ఆ రోజు బోనస్ ఉందా?