క్లాసులో అమెరికా, ఐర్లాండ్ ప్రెజెంటేషన్లు: చూసేవాళ్లం ఏం చేయాలి?

ఐర్లాండ్‌లోని లిమెరిక్ నుంచి, కొత్తగా వచ్చిన విద్యార్థిని:

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది బాపట్ల. ఈ సెప్టెంబర్‌లో ఇక్కడ ఎమ్మెస్‌లో చేరాను. మా కోర్సులో కమ్యూనికేషన్ అని ఒక సబ్జెక్టు ఉంది. ప్రతి వారం ఒక గ్రూపు అమెరికా సంస్కృతి మీద, ఇంకో గ్రూపు ఐర్లాండ్ సంస్కృతి మీద ప్రెజెంటేషన్ ఇస్తారు. మా గ్రూపు వంతు వచ్చే సెమిస్టర్‌లో. అప్పటిదాకా చూడటమే మా పని. కాకపోతే చూసిన ప్రతిసారీ ఒక ప్రశ్న అడగాలి, తర్వాత ఒక పేజీ రాసివ్వాలి. వాటికీ మార్కులున్నాయి.

మొదటి వారం నాకేమీ అడగాలనిపించలేదు. పండగలు, తిండి, ఆటలు, అంతేగా అనిపించింది. పైగా ఐరిష్ పిల్లలు మాట్లాడితే సగం అర్థం కాదు. మనవాళ్లేమో "ఊరికే కూర్చుని వచ్చెయ్, స్లైడ్లు తర్వాత పెడతారు" అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఏం వినాలి, ఏం అడగాలి? అసలు ఐర్లాండ్‌లో చదివే మాకు అమెరికా గురించి ఎందుకు?

డబ్లిన్ నుంచి ఒక అన్న:

చెల్లీ, నీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది తేలితే మిగతావి వాటంతట అవే తేలతాయి.

ఐర్లాండ్‌లో అమెరికా గురించి మాట్లాడటమంటే వేరే దేశం గురించి మాట్లాడటం కాదు, సగం చుట్టాల గురించి మాట్లాడటమే. 1845లో ఇక్కడ బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. కౌలుకు చిన్న చిన్న పొలం చెక్కలు చేసుకునే పేదలకు అదొక్కటే తిండి. 1852 దాకా సాగిన ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, దాదాపు అంతమందే ఓడలెక్కారు. ఎక్కువ మంది చేరింది అమెరికాకే. జనం ఆకలితో పోతుంటే ఇక్కడి ధాన్యం, పశువులు ఇంగ్లండ్ రేవులకు వెళ్తూనే ఉన్నాయి. 1841 జనాభా లెక్కల్లో ఈ ద్వీపం మొత్తం మీద 80 లక్షలకు పైగా జనం ఉన్నారు. ఇవాళ రిపబ్లిక్, ఉత్తర ఐర్లాండ్ రెండూ కలిపినా ఆ సంఖ్యకు చేరలేదు. నీది బాపట్ల అన్నావు కాబట్టి చెబుతున్నాను, 1832-33లో మీ గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువు మాట పెద్దవాళ్ల నోట వినే ఉంటావు. అది గుర్తుంచుకుని వింటే కరువు స్లైడు వచ్చినప్పుడు క్లాసులో ఐరిష్ పిల్లలు ఎందుకు నిశ్శబ్దమైపోతారో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. బంగాళాదుంపల మీద జోకులు అసలే వద్దు. వేరే దేశం పిల్లలు ఎవరైనా వేస్తే నువ్వు నవ్వకు.

ఆ రోజుల్లో అమెరికా వెళ్లేవాళ్లకు ముందు రోజు రాత్రి ఇంట్లో జాగారం చేసేవారు. శవం ఇంట్లో ఉన్నప్పుడు ఎలా చేస్తారో అలాగే. ఇరుగుపొరుగు వచ్చేవారు, పాటలు పాడేవారు, తెల్లవారితే ఏడుపులు. మళ్లీ చూస్తామన్న ఆశ ఉండేది కాదు గనక దాన్ని అమెరికన్ వేక్ అనేవారు. మనకి వాట్సాప్ ఉంది, డిసెంబర్‌లో టికెట్ దొరికితే ఇంటికి వెళ్లొస్తాం. అయినా శంషాబాద్‌లో మనల్ని దింపిన రోజు అమ్మ ముఖం మనకు తెలుసు కదా.

ఇప్పుడు ఏం వినాలన్న సంగతి. ఎవరు ఏ దేశం నుంచి నిలబడి చెబుతున్నారో చూడు. మార్చి 17న వచ్చే ఐర్లాండ్ వాళ్ల పండగ, సెయింట్ పాట్రిక్ దినం స్లైడు తప్పకుండా వస్తుంది. అమెరికా నుంచి వచ్చిన అమ్మాయి చెబితే ఆకుపచ్చ రంగు కలిపిన షికాగో నది, పెద్ద ఊరేగింపు, కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరబెట్టిన గొడ్డు మాంసం) కనిపిస్తాయి. ఆ నదికి రంగు కలపడం 1962లో మొదలైంది. న్యూయార్క్‌లో ఊరేగింపు మాత్రం 1762 నుంచీ ఉంది, అంటే ఆ దేశం స్వతంత్రం కాకముందే. ఐర్లాండ్‌లో అదే రోజు ప్రభుత్వ సెలవు అయింది 1903లో. 1960 దాకా ఆ రోజు పబ్బులు మూసే ఉండేవి, జనం చర్చికి వెళ్లేవారు. కార్న్‌డ్ బీఫ్ సంగతీ అంతే. ఇక్కడి ఇళ్లలో వండేది బేకన్, క్యాబేజీ. న్యూయార్క్ చేరిన ఐరిష్ వాళ్లకు యూదుల మాంసం కొట్లలో చవగ్గా దొరికింది గొడ్డు మాంసం, అదే అలవాటైంది.

ఆ అమెరికా అమ్మాయి "నేను ఐరిష్" అంటుంది. వెనక కూర్చున్న కెర్రీ, క్లేర్ కౌంటీల (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. అమెరికాలో 3 కోట్లకు పైగా జనం తమ మూలం ఐర్లాండ్ అని రాయించుకుంటారు. వాళ్ల ముత్తాతలు ఓడలో తీసుకెళ్లిన ఐర్లాండ్ వేరు, ఇక్కడ మారుతూ వచ్చిన ఐర్లాండ్ వేరు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన మన పిల్లలు సంక్రాంతికి వేసే ముగ్గును చూసి ఎవరైనా నవ్వితే మనకెంత బాధో, ఆ అమ్మాయికీ అంతే. నీ ప్రశ్న ఆ తేడాని గౌరవించేలా ఉండాలి. "మీ ఇంట్లో ఇది ఎవరు మొదలుపెట్టారు? ఏ కౌంటీ నుంచి వెళ్లారు?" అని అడుగు. క్లాసు మొత్తం మాట్లాడటం మొదలుపెడుతుంది.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. అమెరికా వలసల మీద ప్రెజెంటేషన్ వచ్చినప్పుడు కెనడీ కుటుంబం పేరు వస్తుంది. వాళ్ల ముత్తాత వెక్స్‌ఫర్డ్ నుంచి కరువు కాలంలో వెళ్లినవాడు. ప్రెసిడెంట్‌గా జాన్ కెనడీ 1963 జూన్‌లో ఇక్కడికి వచ్చినప్పుడు మీ లిమెరిక్‌లో కూడా ఆగాడు. ఆయన తమ్ముడు టెడ్ కెనడీ 1965 ఇమిగ్రేషన్ చట్టాన్ని సెనేట్‌లో దగ్గరుండి నెగ్గించాడు. దేశాల వారీ పాత కోటాలు పోయి మన డాక్టర్లకు, ఇంజనీర్లకు అమెరికా తలుపు తెరుచుకుంది ఆ చట్టంతోనే. అదే చట్టం ఐరిష్ వాళ్లకు వెళ్లే దారిని ఇరుకు చేసింది. మళ్లీ ఆయనే ముందుండి నడిపిన 1990 చట్టంలో ఒకవైపు హెచ్-1బి వచ్చింది, ఇంకోవైపు ఐర్లాండ్ వాళ్లకు ప్రత్యేకంగా కొన్ని వేల వీసాలు కేటాయించారు. మారిసన్ వీసాలంటారు వాటిని. అంటే మన ప్రతి వీధిలో నలిగిన హెచ్-1బి, నీ క్లాస్‌మేట్ మేనమామ బోస్టన్ వెళ్లిన వీసా ఒకే కాగితం మీద పుట్టాయి. ఇది రాయి నీ పేజీలో. ఇంటర్నెట్‌లోంచి ఎత్తి రాసిన పేజీలా ఉండదు.

కార్క్ నుంచి ఒక అక్క:

అన్నయ్య చరిత్ర చెప్పారు. నేను చూసినది చెబుతాను.

మా కోర్సులో ఒక అబ్బాయి హర్లింగ్ (కర్రతో బంతిని కొట్టే ఇక్కడి ఆట) గురించి చెప్పడానికి స్లైడ్లేమీ లేకుండా కర్ర పట్టుకొచ్చాడు. యాష్ చెట్టు మొదట్లో, వేరు వంపు తిరిగే చోట కోసిన చెక్కతో చేస్తారట. వంపు చెక్క రేఖలోనే ఉంటుంది కాబట్టి విరగదు. కింద వెడల్పు భాగం చుట్టూ సన్నటి ఇనుప పట్టీ, పైన చేతికి పట్టు జారకుండా చుట్టిన టేపు, ఆ టేపు మీద పాత చెమట మరక. బంతి మన క్రికెట్ బంతి సైజుకి దగ్గరగా ఉంటుంది కానీ తెల్లగా, కుట్లు బయటికి లేచి ఉంటాయి. రెండూ వరసలో అందరి చేతుల్లోకీ పంపాడు. యాష్ చెట్లకు కొన్నేళ్లుగా తెగులు పట్టిందని, ఇప్పుడు వెదురుతో కూడా కర్రలు చేస్తున్నారని చెప్పేటప్పుడు అతని గొంతు మారింది. చివర్లో ఎవరో అడిగితే అప్పుడు చెప్పాడు, తను కౌంటీ అండర్-20 జట్టులో ఆడానని. అంతసేపూ ఆ మాటే ఎత్తలేదు! ఇక్కడి పిల్లల తీరు అది, తమ గొప్ప తాము చెప్పుకోరు. అడిగితేనే బయటపడుతుంది, అందుకే అడగాలి.

నువ్వున్నది లిమెరిక్. 2020 నుంచి 2023 దాకా వరసగా నాలుగేళ్లు హర్లింగ్‌లో ఆల్ ఐర్లాండ్ పోటీ గెలిచిన ఊరు. ఆ ఆటగాళ్లకు జీతం ఉండదు. పొద్దున స్కూల్లో పాఠం చెప్పో, పొలం పని చూసుకునో, సాయంత్రం ప్రాక్టీసుకి వెళ్తారు. ఫైనల్ రోజు డబ్లిన్ క్రోక్ పార్క్‌లో 82 వేల మంది ముందు ఆడి, సోమవారం, లేదా సంబరాలు తీరాక మంగళవారం, మళ్లీ పనికి. ఆట గ్రూపు వచ్చినప్పుడు "మీ ఊరి క్లబ్ ఏది?" అని అడుగు చాలు. ఈ దేశంలో మనుషులకు ముందు ఊరు, తర్వాతే దేశం.

చావు ఆచారాల మీద కూడా ఎవరో ఒకరు చెబుతారు, దాన్ని అస్సలు వదలకు. మా క్లాసులో మేయో కౌంటీ అమ్మాయి చెప్పింది. శవపేటిక తెరిచి ఇంట్లో ఉంచుతారు, ఇంటివాళ్లు వరసగా నిలబడితే వచ్చినవాళ్లు ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి, "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అని ముందుకు వెళ్తారు. తర్వాత టీ, శాండ్‌విచ్‌లు. పరిచయం కొంచెమే అయినా వెళ్లొచ్చు, పిలుపు అక్కర్లేదు. ఆ చలికాలంలోనే మా ఇంటి ఓనర్ తల్లి పోయింది. మనలో చాలామంది మైల అనో, ఏం మాట్లాడాలో తెలియకో ఆగిపోతాం. ఆ అమ్మాయి చెప్పినట్టే వెళ్లాను, ఆ నాలుగు మాటలే అన్నాను. ఆయన నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో నేను అద్దెకున్న మనిషిని కాదు.

గాల్వే నుంచి ఒక తమ్ముడు:

అక్కా, పని మాటలు నేను చెబుతాను. యాస అర్థం కాకపోవడం మొదటి రెండు నెలలు అందరికీ ఉంటుంది. ఎవరు ఏ టాపిక్ చెబుతారో ముందే లిస్టు ఉంటుంది కదా, ముందు రోజు ఆ టాపిక్‌లో వచ్చే ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు ఒకసారి పైకి చదువుకో. వాళ్ల స్పెల్లింగుకీ పలికే తీరుకీ పొంతన ఉండదు. పేరు పట్టుబడితే మిగతా వాక్యం అదే అందుతుంది.

ముందు రెండు వరసల్లో కూర్చో. మనవాళ్లందరూ ఒక గుంపుగా వెనక కూర్చుని తెలుగులో గుసగుసలాడటం వద్దు. చెప్పే వాళ్లకి తమ గురించే ఏదో అంటున్నారనిపిస్తుంది. ఫోన్ బ్యాగులో పెట్టు. చెప్పేవాడు తడబడినప్పుడు వాడి కళ్లలోకి చూసి తలూపేవాళ్లు ఒక్కరున్నా గాడిన పడతాడు. వచ్చే సెమిస్టర్‌లో నువ్వు నిలబడినప్పుడు నీకు తలూపేది ఆ మనిషే.

ప్రశ్న ఒకటే అడుగు, చిన్నదిగా అడుగు. ముందు వాళ్లు చెప్పినదాంట్లో నీకు నచ్చిన ముక్క ఒకటి చెప్పి తర్వాత అడుగు. తప్పు దొరికినా అందరి ముందు దిద్దకు, బయటికి వచ్చాక చెప్పు.

కొత్తగా వచ్చిన విద్యార్థిని:

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి ఇదంతా మా రూమ్మేట్‌కి కూడా చదివి వినిపించాను. వచ్చే వారం రెండు టాపిక్‌లు: హాలోవీన్ ఒకటి, "కరువు, అమెరికా" అని ఇంకొకటి. నేను రాసుకున్న ప్రశ్నలు ఇవి. మొదటిది, "హాలోవీన్ అమెరికా నుంచి ఇక్కడికి ఎప్పుడు వచ్చింది?" రెండోది, "కరువు కాలంలో అమెరికా సాయం చేసిందా?" బాగున్నాయా? అలాగే మా వంతు వచ్చినప్పుడు మన తెలుగువాళ్లకి సంబంధం ఉన్నది ఏమైనా చెప్పొచ్చా?

డబ్లిన్ నుంచి ఒక అన్న:

మొదటి ప్రశ్న తిరగెయ్యాలమ్మా. హాలోవీన్ ఇక్కడి నుంచే అక్కడికి వెళ్లింది. చలికాలం మొదలయ్యే రాత్రి జరుపుకునే పాత సౌన్ పండగ అది. ఇక్కడ టర్నిప్ దుంపల్ని తొలిచి దీపం పెట్టేవారు, అమెరికాలో గుమ్మడికాయ దొరికింది. ఇప్పుడు ఇక్కడి షాపుల్లోనూ గుమ్మడికాయలే. "మీ అమ్మమ్మ వాళ్లింట్లో టర్నిప్ చెక్కేవారా? ఉంగరం దాచి కాల్చే బార్మ్‌బ్రాక్ రొట్టెలో ఆ ఉంగరం ఎవరికి వచ్చేది?" అని అడుగు.

రెండోది మంచి ప్రశ్న, ఇంకొంచెం పదును పెట్టు. 1847లో చోక్టా అనే అమెరికా ఆదివాసులు ఐర్లాండ్ కరువుకి 170 డాలర్లు పోగు చేసి పంపారు. అంతకు పదిహేనేళ్ల ముందే వాళ్లను సొంత నేల మీంచి వెళ్లగొట్టారు, దారిలో వేల మంది చనిపోయారు. వాళ్ల గుర్తుగా కార్క్ దగ్గర మిడిల్టన్‌లో తొమ్మిది పెద్ద స్టీలు ఈకలు గుండ్రంగా నిలిపారు, 2017లో ఆవిష్కరించారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు నావహో, హోపి ఆదివాసుల కోసం ఐర్లాండ్ నుంచి జనం డబ్బు పంపారు. వేరే తెగలే అయినా ఆ పాత సాయం తలచుకునే పంపారు. ప్రెజెంటేషన్‌లో ఈ సంగతి రాకపోతే అడుగు. వస్తే, మీ స్కూల్లో దీన్ని చెప్పేవారా అని అడుగు.

మీ వంతుకి కావలసినంత ఉంది. మన మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారు 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లోనే లా చదివారు, బ్రిటిష్ పాలన మీద ఇక్కడ జరిగిన ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఈ దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలు ఐర్లాండ్ 1937 రాజ్యాంగం చూసి తీసుకున్నవే. ఇంకా దగ్గరిది మదనపల్లె. అక్కడి కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్ట్‌లో పుట్టినవాడు, భార్య మార్గరెట్‌ది రాస్‌కామన్ కౌంటీ. 1919లో ఠాగూర్ ఆ కాలేజీలో ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు, స్వరాలు రాసింది మార్గరెట్. ఈ ముక్క చెప్పినప్పుడు బాయిల్ నుంచి వచ్చిన పిల్లలెవరైనా క్లాసులో ఉంటే వాళ్ల ముఖం చూడు, ఆవిడ వాళ్ల ఊరి మనిషే.

గిరి గారు చదివిన కింగ్స్ ఇన్స్ ఊరి మధ్యలోనే ఉంది. క్లాసులుండని రీడింగ్ వీక్‌లో మీ గ్రూపుతో కలిసి రైలెక్కి రండి. ఫొటోలు తీసుకుందురు, కస్టమ్ హౌస్ రేవు పక్కన కరువు విగ్రహాలు, వలసల మ్యూజియం కూడా చూపిస్తాను. భోజనం మా ఇంట్లోనే, ఎంతమందో ముందు రోజు చెప్తే చాలు.