సంసారా సెంటు: నాకు గంధం, మా ఆయనకు పాలకోవా. మీకెలా అనిపించింది?

మా ఆడపడుచు దుబాయ్ నుంచి వస్తూ గెర్లాన్ వాళ్ళ సంసారా తెచ్చింది. 1989లో వచ్చిన పాత సెంటే. శ్రీగంధం, మల్లెజాతి పూలు దీనికి ముఖ్యం. వారం నుంచి మా ఇంట్లో దీని మీదే పంచాయితీ.

నాకైతే సాన మీద అప్పుడే అరగదీసిన గంధంలో చెంచాడు మీగడ కలిపినట్టుంది. మా ఆయన "పాలకోవా" అంటారు. అత్తయ్యేమో "బీరువాలో పాత పట్టుచీర మడత విప్పినట్టుందే అమ్మాయ్" అన్నారు. అది పొగడ్తో కాదో ఇంకా తేలలేదు. మావాడు "శేషాచలం ఎర్రచందనమా?" అన్నాడు. ఎర్రచందనానికి శ్రీగంధంలా వాసన ఉండదురా అంటే నమ్మడే!

మణికట్టు మీద కొట్టుకుంటే ముందు పూలు, పౌడరు. గంధం బయటపడేసరికి గంట పడుతోంది. కాటన్ చీర కొంగు మీదైతే మర్నాడు కూడా ఉంది. మొన్న మూడుసార్లు కొట్టుకుని, మిట్టమధ్యాహ్నం బైరాగిపట్టెడ నుంచి స్కూటీ మీద ఆఫీసుకెళ్ళా. పక్క సీటావిడ ఏమీ అనకుండా కిటికీ తెరిచింది. తప్పు నాదేలెండి.

వాడినవాళ్ళు చెప్పండి: మన తిరుపతి ఎండకి ఎన్నిసార్లు కొట్టుకుంటే సరిపోతుంది? ఒంటికా, బట్టకా? పట్టు మీద మరక పడుతుందా? వచ్చే నెల మా చెల్లి పెళ్ళి చిత్తూరులో. తలలో మల్లెపూలు ఉంటే ఇది కూడా వేసుకోవచ్చా, రెండూ కొట్టుకుంటాయా?