అప్‌డేట్: పాప నడిచి వెళ్లే స్కూల్ దొరికింది

విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం, ఆయన ఆఫీసు రాయదుర్గంలో, పాప రెండో తరగతి, బస్సెక్కకుండా నడిచి వెళ్లే స్కూల్, అన్ని రకాల పిల్లలూ ఉండేది ఎక్కడ దొరుకుతుందని మార్చిలో అడిగాను కదా. చివరికి తార్నాకలో దిగాం.

ఆఫీసు దగ్గరే ఇల్లు తీసుకోమని చాలామంది చెప్పారు. కానీ బ్లూ లైన్ మెట్రో తార్నాక నుంచి రాయదుర్గానికి మారకుండా వెళ్తుంది. దూరం ఆయనకే పడనీ అనుకున్నాం. (ఆయన ఇంకా సణుగుతూనే ఉన్నారు.)

స్కూల్ వదిలే టైముకి వెళ్లి గేటు దగ్గర నిలబడమన్న అక్కకి థాంక్స్. మొదట నచ్చిన స్కూల్ అలా నిలబడి చూశాకే వద్దనుకున్నాం. బ్రోషర్ బ్రహ్మాండం, గేటు బయట మాత్రం ఫుట్‌పాత్ లేదు, ఒక్కో ఆటోలో పదిమంది పిల్లలు.

ఇప్పటిది చిన్న స్కూల్, గ్రౌండ్ అంతంతమాత్రం. లోపలి వీధుల్లోంచి తొమ్మిది నిమిషాల నడక, మెయిన్ రోడ్డు దాటే పని లేదు. చుట్టుపక్కల యూనివర్సిటీ వాళ్లు, రైల్వే వాళ్లు ఎక్కువ కాబట్టి పాప క్లాసులో తెలుగు, ఉర్దూ, తమిళం, ఒడియా మాట్లాడే ఇళ్ల పిల్లలున్నారు. వాచ్‌మన్ గారబ్బాయి కూడా అదే క్లాసు.

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లు పేద పిల్లలకి ఉచితంగా ఇవ్వాల్సిన 25 శాతం సీట్ల గురించి అడిగితే మాత్రం స్కూల్ ఆఫీసులో మాట మార్చేశారు. అదొక్కటే మింగుడుపడలేదు.

వర్షాకాలం నడక సంగతి జూలైలో చెప్తాను.